కప్పు కింద నాలుగో పాట

ముగ్గురూ పొద్దున ఆరింటికి జనగామలో బయలుదేరారని, పరకాల దాటేదాకా కారులో ఎవరూ నోరు విప్పలేదని పోయిన వారం చదివారు. ఆ ముగ్గురిని ఇప్పుడే కలుస్తున్నవారి కోసం నాలుగు మాటలు.

వాళ్లది 'బదిలీ' అనే రాక్ బ్యాండ్. గనిలో ఆ రోజు రాని మనిషి స్థానంలో దిగే కార్మికుడిని బదిలీ అంటారు. పేరు అక్కడి నుంచి తీసుకున్నారు. పాటలు పదేసి నిమిషాలు ఉంటాయి. ఒక్క పాటలోనే తాళం నాలుగుసార్లు మారుతుంది. ప్రోగ్రెసివ్ రాక్ అని దానికి పేరు. కీబోర్డులు వాయించేది, పాటను కూర్చేది జనగామ మహీధర్. పాడేది మరిపెడ రజిత. ఆమె మానుకోటలో, అంటే కాగితాల మీద మహబూబాబాద్ అని రాసే ఊళ్లో, పిల్లలకు సంగీతం నేర్పుతుంది. డ్రమ్స్ వాయించేది భూపాలపల్లి ఐలేశ్.

ఐలేశ్ తండ్రి సోమనర్సయ్య ముప్పై రెండేళ్లు భూగర్భ గనిలో పనిచేసి, ఆరేళ్ల కింద రిటైరయ్యాడు. అందులో ఇరవై ఏళ్లు మైనింగ్ సర్దార్. షిఫ్టు మొదలయ్యే ముందు పొన్ను కర్రతో, అంటే కొసకు ఇనుప తొడుగున్న కర్రతో, గని కప్పును కొట్టి, చప్పుడు విని, దాని కింద మనుషులు నిలబడవచ్చో లేదో చెప్పడం సర్దార్ పని.

బ్యాండ్ రెండో ఆల్బమ్ 'కప్పు కింద' తయారైంది. ఆదివారం సాయంత్రం ఆరింటికి హైదరాబాద్‌లోని సౌండ్ ఇంజినీరుకు చేరాలి. ఆ గడువు తప్పితే ఆయనకు మళ్లీ తీరిక దొరికేది రెండు నెలల తర్వాతే. ఆల్బమ్‌లో నాలుగో పాట సోమనర్సయ్య కర్ర చప్పుడు మీద కట్టింది. ఆయన విని సరేనంటేనే పంపాలని రజిత పట్టుబట్టింది. ఐలేశ్ వద్దన్నాడు. మూడేళ్ల కింద మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు తండ్రి తలకు హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాడు. ఆయన పది నిమిషాలు కూర్చున్నాడు. వాటిని తీసి, "మంచిగున్నది" అని, మొక్కలకు నీళ్లు పెట్టడానికి వెళ్లాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ 'మంచిగున్నది' ఇంకోసారి వినడం ఐలేశ్‌కు ఇష్టం లేదు.

ఆ ఆదివారం వాళ్లు భూపాలపల్లిలో సోమనర్సయ్య ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర.

*

ఐలేశ్ తల్లి సరస్వతి సర్వపిండి చేసి పెట్టింది. ముగ్గురూ తిన్నారు. మహీధర్ కారులోంచి రెండు స్పీకర్లు తెచ్చి ముందు గదిలో బల్ల మీద పెట్టాడు. ఒక్కోటి బియ్యం డబ్బా అంత ఉంది. సోమనర్సయ్య కుర్చీ జరుపుకుని బల్లకు దగ్గరగా కూర్చున్నాడు.

"పేరేం బెట్టిండ్రు?" అని అడిగింది సరస్వతి.

"కప్పు కింద, పెద్దమ్మా," అంది రజిత.

"కప్పు కింద ఏముంటది బిడ్డా, సాసర్ గాక."

మహీధర్ నవ్వాడు. "హైదరాబాద్ ఇంజినీరు గూడ గిదే అడిగిండు పెద్దమ్మా. చాయ కప్పా అన్నడు. మా దిక్కు కప్పు అంటే ఇంటి మీదిది అని చెప్పాల్సొచ్చింది."

"చెప్పినంక?"

"మార్చుమన్నడు. మార్చలే."

మహీధర్ లాప్‌టాప్ మీద మీట నొక్కాడు. మొదటి పాట మొదలైంది. ఒకే స్వరం కీబోర్డు మీద నిమిషంన్నర సాగింది. దాని మీద ఇంకో స్వరం వచ్చి చేరింది.

"షురూ అయిందా, ఇంక సదురుకుంటున్నరా?" అంది సరస్వతి.

"షురూ అయింది," అన్నాడు ఐలేశ్.

"మరి ఈ పిల్ల ఎప్పుడు పాడుతది?"

"ఏడో నిమిషంల."

"అప్పటిదాంక ఏం జేస్తవ్ బిడ్డా, స్టేజి మీద?"

"నిలబడత పెద్దమ్మా. ఒక్కోపారి నీళ్లు తాగుత," అంది రజిత.

సోమనర్సయ్య ఈ మాటల్లోకి రాలేదు. పాట మొదలైన కాసేపటికి ఎడమ అరచేతిని స్పీకర్ పెట్టె మీద ఆనించాడు. తీయలేదు. మొదటి పాట పదకొండు నిమిషాలు, రెండోది ఆరు, మూడోది ఎనిమిది. మూడో పాట చివర ఐలేశ్ డ్రమ్స్ ఒక్కటే మిగులుతాయి. తాళం ఏడు దెబ్బలకు మారి, మళ్లీ నాలుగుకు వస్తుంది. అక్కడ సోమనర్సయ్య వేళ్లు పెట్టె మీద కదిలాయి. ఏడు దగ్గర ఒకసారి తడబడి, రెండో ఆవృత్తిలో సర్దుకున్నాయి. ఐలేశ్ అది చూశాడు. హైదరాబాద్‌లో విన్న ఇద్దరు సంగీతకారులకు ఆ తాళం పట్టుకోవడానికి ఇంతకంటే ఎక్కువసేపు పట్టింది.

నాలుగో పాట పేరు కూడా 'కప్పు కింద'. పదిహేడు నిమిషాలు. అది కర్ర చప్పుడుతో మొదలవుతుంది. పోయిన దసరాకు సోమనర్సయ్య ఇదే ఇంటి స్లాబును, స్నానాల గది కప్పును కొడుతుండగా ఐలేశ్ రికార్డు చేశాడు.

చప్పుడు అరచేతికి తగలగానే సోమనర్సయ్య తల ఎత్తాడు.

"గిది నా చెయ్యి."

"అవు బాపూ."

ఆయన మరికాసేపు చూశాడు. కర్ర దెబ్బల మీదికి కీబోర్డు వచ్చింది. మాటలు లేకుండా రజిత గొంతు వచ్చింది.

"చెయ్యి నాదే. కని నేను గిట్ల కొట్టలే."

మహీధర్ పాట ఆపాడు. "ఎట్ల కాకా?"

"నేను రెండు దెబ్బలు గొడ్త. ఆగుత. జర జరిగి మళ్ల రెండు గొడ్త. ఆగుత. గిండ్ల ఆగుడు లేదు. గడియారం కొట్టుకున్నట్టు కొట్టుకుంటనే పోతున్నది."

ఆ ఆగుడు తీసేసింది మహీధరే. దెబ్బల మధ్య ఎడం ఒక్కోసారి రెండు క్షణాలు, ఒక్కోసారి ఐదు. తాళంలో కూర్చోలేదు. నాలుగు రోజులు కష్టపడి అన్నిటినీ సమంగా కోశాడు.

"దెబ్బకు దెబ్బకు నడుమ ఏం లేదు కదా కాకా. ఖాళీ అని తీసేసిన."

"ఖాళీ గాదు పిలగా. దెబ్బ ఎవలైన గొడ్తరు. ఆగినప్పుడే ఇంటం. పనంత గక్కడనే ఉంటది."

మహీధర్ పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. అతనికి కోపం రాలేదు. నాలుగు నెలలుగా ఆ పాటలో ఏదో కుదరలేదని అతనికి తెలుసు. ఏది కుదరలేదో ఎవరూ చెప్పలేకపోయారు.

"అయితే మూడేండ్ల కింద గిట్లనే చెప్పకపోతివి బాపూ," అన్నాడు ఐలేశ్. మామూలుగానే అన్నాడు. కానీ మూడేళ్లుగా అడగాలనుకుంటున్న మాట అది. "మంచిగున్నదని లేచి పోతివి."

సోమనర్సయ్య కొడుకు మొహంలోకి చూశాడు. "ఏమంటున్నవ్?"

ఐలేశ్ మళ్లీ అడగలేదు. జవాబు సరస్వతి చెప్పింది.

"ఆయనకు చెవులెక్కడియిరా. నాలుగేండ్లాయె పోయి. కుడిది మొత్తమే ఇనరాదు. ఎడమది మనిషి మొగం జూసి మాట్లాడితే జర ఇనస్తది. గా రోజు నువ్వు చెవులకేసినవి ఏసుకొని కూసున్నడు, ఇనరాలే. పోరడు ఆశపడ్డడని గట్లన్నడు. ఎవలకు జెప్పకు అని నాతోని ఒట్టు ఏయించుకున్నడు."

"నువ్వు చెప్పినవ్ కదనే ఇప్పుడు," అన్నాడు సోమనర్సయ్య. ఆయన భార్య పెదవులను చూస్తున్నాడు.

"చెప్పిన. చేత్తోని ఇంటున్నవ్ కదా అందరి ముంగట. ఇంక దాసుడేంది?"

ఐలేశ్ స్పీకర్ మీద ఉన్న చేతిని చూశాడు. గనిలో కప్పు చేతికి అందే ఎత్తులో ఉంటుందని, సర్దార్ ఒక చేత్తో కర్ర కొట్టి రెండో చేతిని బండకు ఆనిస్తాడని తండ్రి చెబితే అతనికి ఆ పూటే తెలిసింది. ఇంట్లో గని ముచ్చట తేవద్దన్నది సోమనర్సయ్య పెట్టుకున్న నియమం. బడికి పోయినప్పటి నుంచి డ్రమ్స్ కొనుక్కునేదాకా ఐలేశ్ తండ్రి పని గురించి విన్నది పది వాక్యాలు ఉండదు. కర్ర మాత్రం తలుపు మూలన చూశాడు. చిన్నప్పుడు దానితో బిందెలను, గోడలను, తలుపులను కొట్టేవాడు. ఆ కర్ర ముట్టవద్దని తండ్రి ఒక్కసారీ అనలేదు. తనకు తాళం అక్కడే వచ్చిందని ఐలేశ్ ఇంటర్వ్యూల్లో చెబుతాడు. తండ్రికి చెప్పలేదు.

ఇప్పుడు ఎదురుగా కూర్చుని, మొహం కనపడేలా, నిదానంగా చెప్పాడు. "నాకు కొట్టుడు నీ కర్రతోనే వచ్చింది బాపూ."

"ఎర్కే," అన్నాడు సోమనర్సయ్య. "మీ అవ్వ బిందె సొట్టలు జూస్తే తెల్వదా? ఇగ పెట్టుండ్రి. పాట అయిపోలే కదా."

*

మహీధర్ ఆగిన చోట నుంచి మొదలుపెట్టాడు. తొమ్మిదో నిమిషంలో అన్ని వాయిద్యాలూ ఆగుతాయి. అక్కడ ఒక్క చప్పుడు వస్తుంది. కర్ర చప్పుడే, కానీ లావుగా, కిందికి దిగినట్టు వస్తుంది. అది మళ్లీ వస్తుంది. దాని మీద పాట మొత్తం కొత్తగా మొదలవుతుంది. మిగిలిన ఎనిమిది నిమిషాల్లో అది నూట పన్నెండుసార్లు వినిపిస్తుంది. ఆల్బమ్‌లో ఐలేశ్ దేనిగురించైనా గర్వపడ్డాడంటే ఈ చప్పుడు గురించే.

మొదటి దెబ్బకు సోమనర్సయ్య చేతిని స్పీకర్ మీద నుంచి లాక్కున్నాడు. రెండో దెబ్బకు లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

"బంద్ జెయ్యి."

మహీధర్ ఆపాడు.

"గిది నా చెయ్యి గాదు. ఎవలు కొట్టిండ్రు?"

"నేనే," అన్నాడు ఐలేశ్. "నీ దెబ్బలు సన్నగ వచ్చినయ్ బాపూ. పాటకు బరువు కావాలె. అందుకే నీ కర్ర దీస్కపోయి శానా కప్పులు కొట్టి చూసిన. పదకొండు. అన్నిట్ల గిదే మంచిగున్నది."

"మంచిగున్నదా?" సోమనర్సయ్య కుర్చీని లేపి నిలబెట్టాడు, కూర్చోలేదు. "గట్టి కప్పు కొడితే ఖంగుమంటది, సన్నగ. నా ఇల్లు సన్నగ మోగిందంటే గట్టిగున్నట్టు. గిది డొల్ల. పైపొర లోపల్నించి ఇడిసింది. గా సప్పుడు ఇంటే మేం ఒక్కటే మాట అంటం, బయటికి అని. ఎవడు పని జేస్తున్నా, ఏం చేతుల ఉన్నా కింద ఇడిసి నడుస్తడు. ఇరవై ఏండ్లల్ల నేను గా మాట పదకొండుసార్లో పన్నెండుసార్లో అన్న. మీరు దాని కింద కూసోని పాట జేసిండ్రు."

"ఎనిమిది నిమిషాలు," అన్నాడు మహీధర్, తనలో తనే అనుకున్నట్టు.

"ఏడిది గా కప్పు?"

ఐలేశ్‌కు వెంటనే తట్టలేదు. మూడు జిల్లాల్లో ఇళ్లు, గోదాములు, బస్టాండు పక్క గదులు కొట్టాడు. ఫైళ్లకు అంకెలే ఉన్నాయి. "రైలు కూత ఉండె దాండ్ల. జనగామనో, మానుకోటనో."

మహీధర్ పాటను పక్కన పెట్టి మొదటి రికార్డింగును వెతికాడు. పాటలో ఉన్నది శుభ్రం చేసిన చప్పుడు. అసలుది అలాగే ఉంది. మీట నొక్కాడు. కర్ర దెబ్బ. దూరంగా రైలు కూత. మళ్లీ దెబ్బ. దాని వెనక, తలుపు అవతల నుంచి, పిల్లలు కలిసి పట్టిన 'సా'.

రజిత ఫోన్ తీసింది.

అది ఆమె క్లాసు. ఐలేశ్ అక్కడ కొట్టిన రోజు పిల్లలను కాసేపు గది బయట కూర్చోబెట్టారు. మానుకోటలో స్టేషనుకు దగ్గర్లో ఒక ఇంటి మొదటి అంతస్తు. ఆదివారం పది నుంచి పన్నెండుదాకా క్లాసు ఉంటుంది. ఇవాళ ఆమె బదులు జమ్లీ చెబుతోంది. జమ్లీ ఆమె దగ్గరే నేర్చుకుని, ఇప్పుడు ఆమెకు సాయపడుతున్న తండా అమ్మాయి. గోడ గడియారం పదకొండుకు ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

ఫోన్ మోగింది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. మళ్లీ ఎత్తలేదు. నాలుగోసారి జమ్లీ గొంతు వచ్చింది.

"ఏందక్కా? క్లాసు నడిచేటప్పుడు ఫోన్ ఎత్తద్దని నువ్వే కదా బోర్డు మీద రాసింది."

"జమ్లీ, నువ్విప్పుడు ఏడున్నవ్? గది లోపల్నా?"

"లోపల్నే. పిల్లలు అలంకారాలు పాడుతున్నరు."

రజిత స్పీకర్ పెట్టి సోమనర్సయ్యను చూసింది. ఆయన ఫోన్ దగ్గరికి వంగాడు.

"బిడ్డా, నేను ఐలేశ్ వాళ్ల బాపును. లోపల ఎంతమంది?"

జమ్లీ చెప్పింది. రజిత ఆయనకు ఎదురుగా నిలబడి వేళ్లతో చూపించింది. పద్నాలుగు మంది పిల్లలు, జమ్లీతో పదిహేను.

"పాట ఆపకు. ఆపితే భయపడతరు. పాడుకుంటనే లెవ్వుమను. నడిమిట్లకెళ్లి నడవద్దు, గోడ పక్కపొంటి ఒక్కొక్కలు రావాలె. చాపలు, పెట్టెలు ఏం ముట్టద్దు. ఎవలు ఉరుకద్దు. తలుపు గట్టిగ ఎయ్యద్దు. నువ్వు అందర్కంటె ఆఖర్ల రావాలె. మెట్లు దిగి రోడ్డు మీద నిలబడి లెక్కబెట్టు."

"ఏమైంది పెద్దబాపూ?"

రజిత ఆ మాట ఆయనకు చెప్పలేదు. "తర్వాత చెప్త. బాపు చెప్పినట్టు చెయ్యి," అంది.

ఫోన్‌లో పిల్లల గొంతులు వినిపిస్తున్నాయి. స రి గ, రి గ మ. గొంతులు ఒక్కొక్కటే తగ్గాయి. మెట్ల మీద చెప్పుల చప్పుడు. తర్వాత రోడ్డు, ఆటో హారన్. జమ్లీ లెక్కపెడుతోంది. పదమూడు దగ్గర ఆగింది.

రజిత రెండు చేతుల వేళ్లు చూపించి, తర్వాత మూడు చూపించింది. సోమనర్సయ్య కదల్లేదు. "తక్కువెవలు అని అడుగు. పైకి పోవద్దని చెప్పు, ముందు అడుగు."

జమ్లీ పిల్లలను అడుగుతోంది. ఒకరు ఏదో చెప్పారు. "శ్రావ్య కింద బాత్రూంకు పోయిందట అక్కా. పాట నడుమ లేచిపోయింది, నేనే పంపిన, మర్శిన. ఆఁ, వస్తుంది. వచ్చింది. పద్నాలుగు."

రజిత సోమనర్సయ్యకు పద్నాలుగు చూపించింది. ఆయన ఇప్పుడు కుర్చీలో కూర్చున్నాడు.

"అక్కా, ఇప్పుడన్న చెప్పు. ఏంది ముచ్చట?"

రజిత చెప్పింది. జమ్లీ పిల్లలను గోడకు ఇంకా దూరం జరగమంది. తర్వాత అంది: "మొన్న వానలప్పటి నుంచి చాపల మీద తెల్లగ పొడి పడుతుంది అక్కా. నడిమిట్ల, ఫ్యాన్ కింద. రోజు ఊడుస్తున్న. సున్నం రాలుతుందనుకున్న."

ఐలేశ్ ఆ రోజు కర్రతో కొట్టింది ఫ్యాన్ కొక్కెం పక్కనే.

"పెద్దబాపుకు చెప్పక్కా," అంది జమ్లీ. "ఏం చెప్పాల్నో నాకు తెలుస్తలేదు. పిల్లలందరు గిక్కడనే నా పక్కన ఉన్నరని చెప్పు."

రజిత ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆ మాటలు అలాగే చెప్పింది. సోమనర్సయ్య తల ఊపాడు. సరస్వతి లోపలికి పోయి నీళ్లు తెచ్చింది. ఆయన తాగి, గ్లాసు పక్కన పెట్టి, ముగ్గురినీ చూస్తూ మాట్లాడాడు.

"ఇరవై ఏండ్లు కప్పు కొట్టిన. ఇయ్యాల ఏం ఇన్నవ్ సర్దారూ అని ఎవడు నన్ను అడగలే. పడ్డ రోజు అడుగుతరు. పడనిరోజు ఎవలకు యాదికి రాం. ఇన్నేండ్లకు మీరు ఇంటికొచ్చి, నా ముంగట బెట్టి, ఇనుమని అడిగిండ్రు. తప్పో ఒప్పో, నా పని మీద పాట గట్టిండ్రు. నాకు గది శానా పెద్దది."

"మీరు వినకపోతే ఇది ఊరంత పంపుదుము కాకా," అన్నాడు మహీధర్. లాప్‌టాప్ మూసేశాడు. సాయంత్రం ఆరు గంటల గురించి అతను ఏమీ అనలేదు. రజిత కూడా అనలేదు. ఇద్దరూ ఆ గడువు పోయిందని అప్పటికే ఒప్పుకున్నారు.

*

ఇంటి యజమాని జగపతికి రజిత పదకొండుంబావుకు ఫోన్ చేసింది. ఆయన కింది అంతస్తులో ఉంటాడు. పిల్లలు రోడ్డు మీద నిలబడి ఉండటం అప్పటికే చూశాడు. చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నాడు.

"ఒక్కటి అడుగుత, కోపం తెచ్చుకోకమ్మా. భూపాలపల్లిల కూసోని, డబ్బాల పాట ఇని, చెవులు ఇనరాని పెద్దమనిషి మానుకోటల నా కప్పు బాగలేదన్నడు. గంతేనా?"

"గంతే అన్నా."

"గిది ఎవలకన్న జెప్తే నవ్వుతరు. అయినా నీ క్లాసు నీ ఇష్టం, బంద్ పెట్టుకో. కని నాలుగింటికి గదే గదిల ట్యూషన్ ఉన్నది. నలభై మంది. గా సార్‌కు నేనేమని చెప్పాలె? పాటల డొల్ల ఇనొచ్చింది, వాపస్ పోండ్రి అని చెప్పాల్నా?"

"ఇంజినీరును పిలువన్నా."

"ఆదివారం ఎవడొస్తడు? రేపు పిలుస్త. లేకుంటే గా సర్దార్నే రమ్మను. నాలుగు లోపల వచ్చి, నా ముంగట కొట్టి సూపియ్యమను. నాకు గూడ ఇనొస్తే నేనే తాళమేస్త. ట్యూషన్ సార్‌తోని నేనే మాట్లాడత. నేను మాత్రం పిల్లల మీద కప్పు పడాలనుకుంటనా?"

రజిత ఫోన్ పెట్టేసి సోమనర్సయ్యకు చెప్పింది. ఆయన లేచి తలుపు మూలన కర్ర తీసుకున్నాడు.

"గని పని ఇడిసి ఆరేండ్లాయె," అంది సరస్వతి. "డొల్ల కప్పు కిందికి పోతనంటున్నవ్."

"కిందికి పోను. గుమ్మంల నిలబడి గట్టి దిక్కు నుంచి కొట్టుకుంట పోత. డొల్ల తగిలిన కాడ ఆగుత. ఇన్నేండ్లు ఎట్ల బతికిన అనుకున్నవే?" ఆయన కొడుకు వైపు తిరిగాడు. "కప్పు ఎత్తెంత?"

"పదడుగులు ఉంటది."

"కర్ర అందుతది. చెయ్యి అందది. చెయ్యి అందకపోతే నేను ఇనలేను. నువ్వు రావాలె. నేను కొడత, నువ్వు ఇను."

ఐలేశ్ వెంటనే ఒప్పుకోలేదు. "నేను దాన్ని మంచి చప్పుడనుకున్న బాపూ. మూడు జిల్లాలు తిరిగి ఏరుకొచ్చిన. నా చెవిని నమ్మి నలభై మందిని ఆపుతవా?"

"పదకొండు కప్పులు కొట్టినవ్. పదింటిని ఇడిసిపెట్టి ఒక్కదాన్ని బట్టినవ్. అంటె నీ చెవికి తేడా ఎర్కైంది. పేరు తప్పు బెట్టినవ్, గంతే. పేరు నేను చెప్పిన కదా ఇప్పుడు." సోమనర్సయ్య చెప్పులు తొడుక్కున్నాడు. "పా."

నలుగురూ పదకొండు నలభైకి బయలుదేరారు. ఐలేశ్ బండి నడిపాడు. తండ్రి పక్క సీట్లో కూర్చున్నాడు. కర్ర రెండు సీట్ల మధ్య నుంచి వెనకదాకా పట్టింది. దారిపొడుగునా సోమనర్సయ్య గని గురించి మాట్లాడాడు. ఖంగుకు, డొల్లకు మధ్య ఇంకో చప్పుడు ఉంటుందని, కొత్త సర్దార్లు అక్కడే మోసపోతారని చెప్పాడు. దెబ్బ కొట్టాక ఊపిరి బిగపట్టాలని చెప్పాడు. తను నేర్చుకున్న సర్దార్ పేరు చెప్పాడు. ముప్పై ఏళ్లకు సరిపడా మాటలు అవి. ఐలేశ్ ఒక్కసారి కూడా మధ్యలో మాట్లాడలేదు. వెనక మహీధర్ రాసుకుంటున్నాడు. రజిత అతని పుస్తకంలోకి చూసింది. 'ఆగుడు: రెండు నుంచి ఐదు క్షణాలు. ముట్టొద్దు' అని ఉంది.

నర్సంపేట దాటేసరికి ఒకటిన్నర. రజిత ఫోన్ మోగింది. జమ్లీ. స్పీకర్ పెట్టింది.

"అక్కా, రేపు పరీక్షంట. ట్యూషన్ సార్ పిల్లలను ఇప్పుడే రమ్మన్నడు. ఆయన తాన వేరే తాళంచెవి ఉన్నదట. జగపతన్న అన్నానికి లోపల్కి పోయిండు, పిలిస్తె పలుకుతలేడు. నేను మెట్లకడ్డం నిలబడ్డ. జరుగుమంటున్నడు." ఫోన్ చేతులు మారింది. మగ గొంతు వచ్చింది. "మేడం, మీరెవరో గని, ఒక్క ముక్క చెప్పుండ్రి. ఆ కప్పు డొల్లనా, కాదా? విన్నాయన మీ బండిలనే ఉన్నడట కదా. ఆయన్నే చెప్పుమనండ్రి. ఊకె అనుమానమైతే నేను పిల్లలను లోపల్కి తోల్తున్న."

కిటికీ అద్దం సగం దించి ఉంది. లారీ ఒకటి పక్క నుంచి పోయింది. సోమనర్సయ్య రోడ్డు వైపు చూస్తూ ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆయనకు ఆ ప్రశ్న వినపడలేదు.

ఐలేశ్‌కు వినపడింది.